మూడాకుల కొమ్మ మారేడు కాదు

నార్త్ కరోలినాలో రాలీ పక్కన ఉంటున్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. అందులో చెట్ల గురించి రెండు ప్రశ్నలున్నాయి, మిగతాదంతా ఇంటి సంగతి. ముందు దాన్ని కుదించి చెబుతాను.

ఆమె వయసు 39. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు. అమ్మ పోయాక, మూడేళ్ల కిందట నాన్నను తన దగ్గరికి తెచ్చుకున్నారు. ఆయనది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్క పల్లె. నాలుగెకరాల నిమ్మతోట ఆయన చేతుల్లోనే పెరిగింది. పెళ్లికి ముందు రైల్వే కోడూరు వైపు నర్సరీల్లో బత్తాయి అంట్లు కట్టారు. "రోజుకు ఎన్ని అంట్లు కట్టేవారో మా చిన్నప్పుడు గొప్పగా చెప్పేవారు. ఇక్కడికొచ్చాక ఆ మాటలూ పోయాయి. సోఫాలో కిటికీ పక్కన కూర్చుంటారు. ఏమన్నా కావాలా నాన్నా అంటే ఏం వద్దమ్మా అంటారు. ఆ 'ఏం వద్దు' వినలేకపోతున్నాను" అని రాశారు.

దానికి జవాబుగా ఆమె చెట్లు కొనడం మొదలుపెట్టారు. మొదట దుకాణంలో దొరికిన నిమ్మమొక్క. నాన్న మురిసిపోయి పెరట్లో నాటారు. అది డిసెంబరు దాటలేదు. తర్వాత, చలికి తట్టుకుంటుందని చదివి, యూజు అనే జపాన్ నిమ్మజాతి మొక్కను వేరే రాష్ట్రం నుంచి 160 డాలర్లు పెట్టి తెప్పించారు. నిరుడు సెప్టెంబరులో నాటారు. నాన్న పాదు చేసి, ఎరువు వేసి, రోజూ నీళ్లు పెడితే నెల తిరక్కుండా లేత చిగుళ్లు వేసింది. జనవరి చలికి మొత్తం నల్లబడి ఎండిపోయింది. మే నెలలో మొదట్లోంచి మళ్లీ చిగురించింది. కానీ ఈసారి ఆకు వేరు. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, కణుపు కణుపుకీ వేలెడంత ముల్లు. ఇప్పుడు నడుం ఎత్తు దాటింది. నాన్న దాన్ని మారేడనుకుని ప్రతి సోమవారం మూడు దళాలు కోసి శివుడి పటం దగ్గర పెడుతున్నారు. భర్త మాత్రం "మోసపోయాం, పీకేద్దాం, పిల్లల కళ్లల్లో గుచ్చుకుంటే?" అంటున్నారు. ఇవి కాక ఒక సత్సుమా కమలా, ఒక మేయర్ లెమన్ పెద్ద కుండీల్లో ఉన్నాయి. చలికాలమంతా అవి గరాజ్‌లో, భర్త కారు బయట మంచులో. దాని మీద మాటామాటా పెరుగుతోంది.

అసలు ముడి ఆఖరి పేజీలో ఉంది. తోట తమ్ముడి పేరున ఉంది, అతను అమ్మేశాడు. ప్లాట్లు వేస్తారట. సంక్రాంతి తర్వాత చెట్లు కొట్టేస్తారు. ఈ సంగతి నాన్నకు తెలియదు. తమ్ముడు డిసెంబరులో అమెరికా వస్తున్నాడు. అంటు కట్టడానికి బావి పక్కనున్న పాత చెట్టు పుల్లలు నాలుగు తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొస్తానంటున్నాడు. తెమ్మనాలా, వద్దనాలా? ఆ మూడాకుల చెట్టును ఉంచాలా, పీకాలా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు ఆ మూడాకుల చెట్టు సంగతి చూద్దాం. మిగతా చిక్కులు విప్పడానికి అదే పనికొస్తుంది.

మీరు మోసపోలేదు. మీరు కొన్నది అంటుమొక్క. పైన యూజు, కింద ఇంకో చెట్టు వేరు. పైది చలికి చచ్చిపోయింది. కిందిది బతికి, తన సొంత ఆకులు వేసుకుంది. దాన్ని ట్రైఫోలియేట్ ఆరెంజ్ అంటారు, జపాన్‌లో కరతాచి. చైనా చలి ప్రాంతాల చెట్టు. నిమ్మ, నారింజ, బత్తాయి లాంటివన్నీ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటే ఇది మాత్రం చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. అందుకే ఫారన్‌హీట్‌లో సున్నా కిందికి పోయినా బతుకుతుంది. కాయ పసుపుపచ్చగా, నూగుతో, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. నోట్లో పెట్టుకోలేం. ఆ సంగతి నేను అనుభవం మీద చెబుతున్నాను. జార్జియాలో మేం కొత్తగా ఇల్లు కొన్నప్పుడు నాకూ ఒక అంటుమొక్క ఇలాగే పోయి కింద నుంచి మొలిచింది. తెలియక ఐదేళ్లు నీళ్లు పోశాను. మొదటి కాపు కోసి పులిహోర కలిపి నలుగురిని భోజనానికి పిలిచాను. ఒక ముద్ద తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చేదు ఒక ఎత్తు, కాయ కోసిన కత్తికి పట్టిన బంక వదిలించడం ఇంకో ఎత్తు.

మీ నాన్నగారు మారేడనుకోవడం వింతేం కాదు. మారేడు, వెలగ, నిమ్మ, కరివేపాకు, ఈ మూడాకుల చెట్టు, అన్నీ ఒకే కుటుంబం. ఆయన కన్ను సరిగ్గానే గుర్తుపట్టింది, పేరు ఒక్కటే తప్పింది. ఈ ఆకు పూజకు పనికొస్తుందా అని మీరు రాశారు. కన్నప్ప పెట్టింది తిన్న దేవుడు, ఉమ్మెత్త పువ్వు కూడా వద్దనని వాడు. కాళహస్తికి అంత దగ్గర్లో పుట్టినవాళ్లకు నేను చెప్పాలా?

ఇప్పుడు ఆ యూజు ఎందుకు చచ్చిందో. పెరిగిన యూజు చెట్టు సుమారు 10 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఓర్చుకుంటుంది. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ వేసిన చలి మండలాల కొత్త మ్యాపులో మీ రాలీ చాలావరకు 8ఎ మండలంలో ఉంది. అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున 10 నుంచి 15 డిగ్రీలు. లెక్క ప్రకారం బతకాలి. కానీ నర్సరీ చీటీ మీద రాసే అంకె, నాలుగైదేళ్లు వేరూని, మెల్లమెల్లగా చలికి అలవాటుపడి, చిగురు ముదిరిన చెట్టుకు. మీది సెప్టెంబరులో నాటిన చిన్న మొక్క. దానికి సెప్టెంబరులోనే ఎరువు పడింది, అక్టోబరులో లేత చిగుళ్లు వచ్చాయి. చిగురు మీద ఉన్న చెట్టుకు చలి తగిలితే అంకెలు పనిచేయవు.

ఇందులో మీ నాన్నగారి తప్పు లేదు. ఆయన చేసింది పొదలకూరు పంచాంగం ప్రకారం సరైన పనే. అక్కడ ఈశాన్య రుతుపవనం ముందు చెట్టుకు బలం ఇస్తారు. ఇక్కడ ఆగస్టు తర్వాత నత్రజని వేయకూడదు, కొమ్మ కత్తిరించకూడదు, నీళ్లు తగ్గించాలి. ఈ మాట ఆయనకు చెప్పేటప్పుడు "నాన్నా, నీ ఎరువు వల్లే చచ్చింది" అనకండి. ఆయనకు తెలిసిన భాషలో చెప్పండి. తోటలో పూత కోసం నీళ్లు ఆపి చెట్లకు బెట్ట పెట్టేవారు కదా. చెట్టు కాస్త వాడి, విశ్రాంతి తీసుకుని, నీళ్లు పెట్టగానే పూతకొచ్చేది. చల్లని దేశాల్లో ఆ బెట్ట పని చలి చేస్తుంది. సిట్రస్ (నిమ్మ నారింజ జాతి) చెట్టుకు పూత రావాలంటే ఎండు బెట్టన్నా తగలాలి, చలన్నా తగలాలి. ఇక్కడ రైతు చేయాల్సింది చెట్టును నవంబరులోపు నిద్రపుచ్చడం. ఆయనకు ఒక్కసారి చెబితే చాలు, ఆపైన మనకే పాఠం చెబుతారు.

నిమ్మ మాత్రం వేరే సంగతి. మన కాగితపు నిమ్మకు ఫారన్‌హీట్‌లో 30 డిగ్రీల దగ్గరే ఆకు మాడుతుంది. ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గితే కొమ్మలు పోతాయి. మాదీఫలం లాగే అది కూడా చలికి అతి సుకుమారం. రాలీ నేలలో అది ఎన్నిసార్లు నాటినా అంతే. మేయర్ లెమన్ ఇరవై రెండు దాకా, పెద్దదైన సత్సుమా 15–18 దాకా ఓర్చుకుంటాయి. చాలామంది అనుకునేది ఒకటుంది: చలికి ఓర్చే వేరు మీద నిమ్మ అంటు కడితే నిమ్మకూ ఆ ఓర్పు వస్తుందని. రాదు. వేరు పైకొమ్మను కాస్త ముందుగా నిద్రపుచ్చి రెండు మూడు డిగ్రీలు కలిపి ఇస్తుంది, అంతే.

ఈ ఆశ మీ ఒక్కరిదే కాదు. 1894 డిసెంబరులో ఒకసారి, 1895 ఫిబ్రవరిలో మరోసారి ఫ్లోరిడాలో మంచు పడి నారింజ తోటలు నేలమట్టమయ్యాయి. ఆ దెబ్బకు వ్యవసాయ శాఖవాళ్లు, స్వింగిల్, వెబ్బర్ అనే ఇద్దరు, 1897లో ఇదే మూడాకుల చెట్టును తియ్య నారింజతో సంకరం చేశారు. చలికి ఓర్చే నారింజ కావాలని. చలికి ఓర్చింది, కానీ రుచి మూడాకుల తల్లిదే వచ్చింది. సిట్రేంజ్ అని పేరు పెట్టారు. తినడానికి కుదరకపోయినా ఆ సంతానంలో కారిజో లాంటివి ఇప్పుడు ప్రపంచమంతా తోటల కింద వేరుమూలాలుగా ఉన్నాయి. సిట్రేంజ్‌ను మళ్లీ కుంక్వాట్ అనే చిట్టి నారింజలాంటి చెట్టుతో కలిపితే పుట్టింది థామస్‌విల్ సిట్రేంజ్‌క్వాట్. జార్జియాలో మొదట కాసిన ఊరి పేరే దానికి పెట్టారు. దాని రసం నిమ్మకు దగ్గరగా ఉంటుంది. పప్పులో పిండితే మా ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేదు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇక పుల్లల సంగతి. వద్దనే చెబుతాను. ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే "రూల్స్ ఒప్పుకోవు" అన్నంత మాత్రాన మీ తమ్ముడు ఆగేలా లేడు.

బయటి దేశాల నుంచి సిట్రస్ కొమ్మలు, మొక్కలు ప్రయాణికులు తేవడం అమెరికాలో నిషేధం. అనుమతి పత్రాలు లేకుండా గింజలకూ దారి లేదు. పచ్చి కరివేపాకు ఎందుకు తీసి పారేస్తారో మీకు తెలిసే ఉంటుంది. కారణం అదే. సిల్లిడ్ అనే పురుగు నిమ్మ మీదా కరివేపాకు మీదా బతుకుతుంది. గ్రీనింగ్ జబ్బును చెట్టు నుంచి చెట్టుకు మోసేది అదే. 2005లో ఫ్లోరిడాలో ఆ జబ్బు బయటపడింది. తర్వాత ఇరవై ఏళ్లలో, తుపానులూ తోడై, అక్కడి నారింజ దిగుబడి పదో వంతుకన్నా కిందికి పడిపోయింది. దానికి ముందు, మనవాళ్లకు బాగా తెలిసిన గజ్జి తెగులు. దాన్ని ఆపాలని ఫ్లోరిడాలో లక్షల చెట్లు కొట్టేశారు, ఇళ్ల పెరళ్లలోవి కూడా. అయినా ఆగలేదు. 2006లో ఆ పని వదిలేశారు. మన కాగితపు నిమ్మకు గజ్జి ఎంత తొందరగా సోకుతుందో మీ నాన్నగారికి వేరే చెప్పక్కర్లేదు. ఆ పాత చెట్టు ఆకు మీద మచ్చ లేదని మీ తమ్ముడు ప్రమాణం చేయగలడా?

మా రాష్ట్రంలో నారింజ తోటలే లేవుగా, ఎవరికి నష్టం అని మీరు రాశారు. ఇవాళ మీ పెరట్లో ఉన్న మొక్క రేపు ఫ్లోరిడాలో ఉన్న మీ స్నేహితురాలికి బహుమతిగా వెళుతుంది. మనవాళ్లు మొక్కలు ఇచ్చిపుచ్చుకునే తీరు నాకు తెలుసు. ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాలు బయటి సిట్రస్ మొక్కలను మామూలుగా రానివ్వనిది అందుకే.

ఇవన్నీ పక్కన పెట్టండి. ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ముందే చెప్పి చూపిస్తే పుల్లలు తీసుకుని నాశనం చేస్తారు, జరిమానా ఉండదు. దాచి పట్టుబడితే జరిమానా, అతని పేరు మీద రికార్డు. ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరాయే అనుకుందాం. డిసెంబరులో వాటిని దేనికి కడతారు? చలికి నిద్రపోతున్న చెట్టుకు బెరడు లేవదు. బెరడు లేవకుండా మామూలు పద్ధతిలో కన్ను, అంటే అంటు కట్టే మొగ్గ, ఎక్కించలేం. మే దాకా ఐదు నెలలు ఫ్రిజ్‌లో పెడితే ఆ పుల్లలు ఎండో, బూజు పట్టో పోతాయి. అప్పుడు ఆయన ముందు మూడోసారి ఒక చెట్టు చస్తుంది, ఈసారి సొంత తోట చెట్టు. మీరు అంత టెన్షన్ పడి తెప్పించేది దీనికోసమా?

ఆ చెట్టును కాపాడే దారి ఊళ్లోనే ఉంది, దానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. మన నిమ్మ గింజలో ఒకటికి మించి మొలకలు వస్తాయి, అందులో చాలావరకు తల్లి పోలికే. పొదలకూరు, గూడూరు తోటల్లో గింజ నారుతో పెట్టినవి చాలానే ఉన్నాయి. మీ తమ్ముడు బయల్దేరే ముందు ఆ పాత చెట్టు కింద పండి రాలిన కాయలు ఏరి, గింజలు కడిగి, ఎండనివ్వకుండా అప్పటికప్పుడు మట్టిలో వేయాలి. ఎండితే మొలవవు. పది కుండీలు చాలు. మీ మేనత్తగారి పెరడు ఉందని రాశారు కదా, అక్కడ పెట్టించండి. నాలుగైదేళ్లలో కాపుకొస్తాయి. అమెరికాలో ఒక చెట్టు కోసం మీరు చేసిన ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు.

ఈ పని చేయాలంటే నాన్నకు తోట సంగతి చెప్పాలి. మీరు అడగని ప్రశ్న ఇదే. రెండు దారులున్నాయి. సంక్రాంతి తర్వాత, చెట్లు కొట్టేశాక, ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసినప్పుడు ఆయన వింటారు. అప్పుడు ఆయనకు మిగిలే బాధ తోట పోయినందుకు సగం, మీరిద్దరూ తెలిసి దాచినందుకు సగం. లేదా ఇప్పుడే మీరు చెబుతారు. కోపం వస్తుంది. కొన్నాళ్లు తమ్ముడితో మాట్లాడకపోవచ్చు, వాళ్లిద్దరి మధ్య మీరు నలగొచ్చు. కానీ చెట్లు ఇంకా నిలబడి ఉండగా చెబితే ఆయన చేయగలిగినవి ఉంటాయి: ఏ చెట్టు కాయలు ఏరాలో చెప్పగలరు, వీడియో కాల్‌లో తోటంతా ఒకసారి తిరిగి చూడగలరు, కావాలంటే తమ్ముడు ఇటు వచ్చేలోపు తనే అటు వెళ్లి రాగలరు. టికెట్ ధర మీరు చెట్ల మీద పెట్టినదానికన్నా ఎక్కువే, నాకు తెలుసు. నిర్ణయం ఆయన్ని తీసుకోనివ్వండి. మీ స్థానంలో నేనుంటే చెప్పేదాన్ని. అయితే మీ నాన్నగారి గుండె, బీపీ సంగతి మీకు తెలుసు, నాకు తెలియదు. కాబట్టి ఎప్పుడు, ఎవరు పక్కనుండగా చెప్పాలన్నది మీరే చూసుకోండి.

ఇంకో మాట కూడా అనాలి, కటువుగా ఉంటే క్షమించండి. మీరు ఇప్పటికి నాలుగు చెట్లు కొన్నారు. నాలుగూ మీరే వెతికి, మీరే ఎంచి, సర్‌ప్రైజ్‌గా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. జీవితమంతా ఏ మొక్క ఎక్కడ పెట్టాలో తనే నిర్ణయించిన మనిషికి అది మందుబిళ్ల ఇచ్చినట్టుంటుంది. వాటిలో ఆయన తనంతట తాను దగ్గరికి తీసుకున్నది ఒక్కటే, ఎవరూ కొనని ఆ మూడాకుల చెట్టు.

దాన్ని పీకొద్దు. అలాగే వదిలేయనూ వద్దు. వదిలేస్తే ముళ్లకంప అవుతుంది. కాయలు రాలి చుట్టూ మొలకలొస్తాయి, మీ ఆగ్నేయ రాష్ట్రాల్లో అది అడవుల్లోకి కూడా పాకుతోంది. మీవారి భయంలో అర్థముంది. దానికి గట్టి వేరుంది, మీ నేలలో ఒక చలికాలం గెలిచింది. మీ ఇంట్లో అంటు కట్టే చెయ్యి ఉంది. వేసవిలో, మే చివర నుంచి ఆగస్టు దాకా, బెరడు లేస్తుంది. కన్నులు ఎక్కడివంటారా? గరాజ్‌లో కుండీలో ఉన్న మీ సత్సుమావే. నర్సరీ నుంచి వచ్చిన ఆరోగ్యమైన చెట్టు అయితే చాలు. సత్సుమాకు ఈ మూడాకుల వేరు మీద పడినంత పొత్తు వేరేవాటి మీద పడదు, జపాన్‌లోనూ దాని మీదే కడతారు. పోస్టు ఖర్చు లేదు, నిషేధం లేదు. మీ నాన్నగారు రెండు మూడు కన్నులు ఎక్కిస్తే ఒకటి పట్టినా పట్టినట్టే. పట్టాక పైనున్న ముళ్ల కొమ్మలన్నీ తీసేయొచ్చు.

ఇది పెట్టుకుంటే వచ్చే తలనొప్పులు కూడా చెప్పాలి. సత్సుమాకు రాలీ నేల అంచు మీద నిలబడ్డట్టే. ఏడాదికి నాలుగైదు రాత్రులు కాపలా కాయాలి. నవంబరు చివర మొదలు చుట్టూ, అంటు మీదికి ఒక అడుగు ఎత్తున మట్టి ఎగదోయండి. గల్ఫ్ తీరంలో సత్సుమా రైతులు వెనకటి నుంచీ చేసే పని. పైకొమ్మలు పోయినా అంటు పైన నాలుగు కన్నులు మిగులుతాయి, మళ్లీ మూడాకులతో మొదలుపెట్టక్కర్లేదు. మార్చిలో ఆ మట్టి తప్పకుండా తీసేయాలి, లేకపోతే బంక తెగులు వస్తుంది. గడ్డకట్టే రాత్రి నేల దాకా వేలాడేలా గుడ్డ కప్పి, లోపల పాతకాలపు వేడెక్కే క్రిస్మస్ బల్బుల తీగ చుట్టండి. ఎల్‌ఈడీలు పనికిరావు, వాటికి వేడి ఉండదు. ప్లాస్టిక్ ఆకుకు తగలకూడదు. ఇంత చేసినా పదేళ్లలో ఒక చలికాలం మొత్తం తీసుకుపోవచ్చు. ఆ ఓపిక లేకపోతే సత్సుమా బదులు యూజు కన్ను ఎక్కించండి, లేదా నేను చెప్పిన థామస్‌విల్. రెండూ చలికి ఇంకా గట్టివి. యూజులో రసం తక్కువ, గింజలు ఎక్కువ, కానీ తొక్క వాసన మన దబ్బకాయను గుర్తుకు తెస్తుంది. దబ్బకాయ పులిహోర తిన్నవాళ్లకు అది నచ్చుతుందని నా నమ్మకం. నాన్న చేతి నిమ్మరసానికి దగ్గరిది కావాలంటే థామస్‌విల్.

ఈ రెంటి పుల్లలు ఎక్కడ దొరుకుతాయంటే, రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిట్రస్ క్లోనల్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం ఉంది. జబ్బు పరీక్షలు చేసిన చెట్ల నుంచి కన్నుపుల్లలు అమ్ముతారు. మీకు కావలసిన రకం ఉందా, మీ రాష్ట్రానికి పంపగలరా అని ముందే కనుక్కోండి. బెరడు లేచే నెల చూసుకుని తెప్పించండి. మొక్కే కొనాలనుకుంటే అమ్మేవాళ్లను మూడు సంగతులు అడగండి. వేరుమూలం ఏది, కన్నులు ఎక్కడి నుంచి తెచ్చారు, మీ రాష్ట్రానికి పంపడానికి తనిఖీ పత్రం ఉందా. తడబడితే వదిలేయండి. గింజల పొట్లాలు అసలే కొనొద్దు. గింజ నాటితే కాపుకు పీచ్ చెట్టుకు మూడేళ్లు, పర్సిమన్‌కు ఎనిమిదేళ్లు, యూజుకు పద్దెనిమిదేళ్లు అని జపాన్‌లో సామెత. కొనేముందు ఒక ఆదివారం నాన్నను తీసుకుని రాలీలోనే ఉన్న జేసీ రాల్‌స్టన్ ఆర్బొరేటం చూసి రండి, ప్రవేశం ఉచితం. చలికి ఓర్చే రకాలు నేలలో పెరుగుతుంటే కళ్లారా చూసి ఆయనే ఎంచుకుంటారు. లేదా ఏదీ వద్దంటారు. వద్దంటే అదీ జవాబే. అప్పుడు ఆ మూడాకుల చెట్టును ఏటా కత్తిరిస్తూ, పూత తీసేస్తూ, సోమవారం దళాలకు మాత్రం ఉంచుకోండి.

నిమ్మే కావాలంటే కుండీ తప్ప దారి లేదు. ఇక్కడ కీ లైమ్, మెక్సికన్ లైమ్ అని అమ్మేది మన కాగితపు నిమ్మే. మన వైపు నుంచే అరబ్బుల చేతుల్లో పడమటికి వెళ్లి, స్పెయిన్ వాళ్లతో సముద్రం దాటింది. 'లైమ్', 'లెమన్' అన్న మాటలు కూడా మన నింబూ నుంచే వెళ్లాయంటారు. రాత్రులు 40 డిగ్రీలకు దిగగానే లోపలికి తేవాలి. హీటర్ గాలికి ఆకు రాలుతుంది, ఎర్రనల్లి, పొలుసు పురుగు పడతాయి. దక్షిణం కిటికీ కావాలి. అంటే నాన్న కూర్చునే కిటికీయే. అది ఆయనకు తోడవుతుందో, అడ్డమవుతుందో ఆయన్నే అడగండి.

మీవారి విషయం రెండు ముక్కల్లో తేలిపోతుంది. సత్సుమా కుండీ చలికాలమంతా గరాజ్‌లో ఉండక్కర్లేదు. గోడ వారగా బయటే ఉండి, 25 కిందికి పోయే రాత్రులకు లోపలికి వస్తే చాలు. ఏప్రిల్‌లో దాన్ని ఇంటి దక్షిణపు ఇటుక గోడ పక్కన నేలలో నాటేయొచ్చు. మిగిలేది మేయర్ లెమన్ ఒక్కటి, దానికి మూల చాలు. కారు లోపలికి వస్తుంది. ఆ జనవరి రాత్రి యూజు మీద దుప్పటి కప్పడానికి బయటికి వెళ్లింది ఆయనేనని మీరే రాశారు. ఆయన చెట్లకు వ్యతిరేకం కాదు.

తమ్ముడికి సూట్‌కేసులో పెట్టుకు రమ్మని చెప్పాల్సింది ఒకటుంది. మీ నాన్నగారి పాత అంటు కత్తి ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఆయన్నే అడిగితే ఏ అటక మీద ఉందో చెబుతారు. మట్టి, బంక లేకుండా వేడినీళ్లతో కడిగి, పిడికి గుడ్డ చుట్టి, చెక్-ఇన్ సామానులో పెట్టమనండి. చేతిసంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.